మెల్‌బోర్న్‌లో కుకరీ కోర్సు: వెళ్లాక కాలేజీ మారొచ్చా?

అందరికీ నమస్తే. మాది ఉప్పల్. ఐటీఐలో ఫుడ్ ప్రొడక్షన్ చేసి ఆబిడ్స్‌లో ఒక హోటల్ కిచెన్‌లో పనిచేస్తున్నాను. మెల్‌బోర్న్‌లో సర్టిఫికెట్ త్రీ కమర్షియల్ కుకరీకి ఆఫర్ వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్‌లో కన్సల్టెన్సీవాళ్లు "వెళ్లాక వేరే కాలేజీకి మారిపో, ఫీజు సగమే, క్లాసులకు కూడా పెద్దగా పోనక్కర్లేదు" అంటున్నారు. నిజమేనా?

—

తమ్ముడూ, మారకు. క్లాసులకు పోనక్కర్లేదన్నారంటే ఆ కాలేజీ సంగతి అక్కడే తెలిసిపోయింది. పైగా మెయిన్ కోర్సు మొదలైన ఆరు నెలల్లోపు మారాలంటే పాత కాలేజీ ఒప్పుకోవాలి.

నువ్వు ఐటీఐ చదివావు కదా. అక్కడ పాఠం చెప్పేది ఐటీఐ అయినా, ఆఖర్న ఆలిండియా ట్రేడ్ టెస్ట్ పెట్టేది డీజీటీ, అంటే కేంద్ర ప్రభుత్వ శిక్షణ విభాగం. ఇక్కడ ఆస్ట్రేలియాలో పాఠం చెప్పేదీ, పరీక్షించేదీ, సర్టిఫికెట్ ఇచ్చేదీ ఒకే కాలేజీ. పైన 2011 నుంచి ఆస్క్వా అనే నియంత్రణ సంస్థ ఉంది. అది కాలేజీని తనిఖీ చేస్తుంది గానీ నీ చేత వంట చేయించి చూడదు. అందుకే కాలేజీ తప్పు చేస్తే దెబ్బ నీ సర్టిఫికెట్‌కి తగులుతుంది. 2024 చివరి నుంచి, రిజిస్ట్రేషన్ పోయిన కొన్ని కాలేజీలు ఇచ్చిన సర్టిఫికెట్లను ఆస్క్వా వేల సంఖ్యలో రద్దు చేసింది. ఆ పిల్లల సంగతి తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

నేనిక్కడ కుకరీ అసెస్సర్‌ని, అంటే విద్యార్థుల పని చూసి పాసో కాదో తేల్చేదాన్ని. ఈ కోర్సులో కుక్‌గా పనిచేసి చూపించే యూనిట్ ఒకటుంది. దానికి కనీసం 48 సర్వీసులు చేయాలి. బ్రేక్‌ఫాస్ట్, లంచ్, డిన్నర్ ఏదైనా సరే, కూరగాయలు తరగడం దగ్గర్నుంచి ఆఖర్న స్టేషన్, అంటే నువ్వు వండిన చోటు, తుడిచి అప్పజెప్పేదాకా ఉంటేనే ఒకటి లెక్క. లాగ్‌బుక్‌లో తేదీ, మెనూ, చెఫ్ సంతకం ఉండాలి. నెల రోజుల సంతకాలన్నీ ఒకే పెన్నుతో, ఒకే ఒత్తుడుతో కనిపిస్తే నేను నేరుగా ఆ చెఫ్‌కే ఫోన్ చేస్తాను. అలా ఎవరూ అడగని కాలేజీలో ఏం నేర్చుకుంటావు చెప్పు?

నీ ఆబిడ్స్ అనుభవానికి ఆర్‌పీఎల్, అంటే ముందే వచ్చిన పనికి కోర్సులో గుర్తింపు, అడగొచ్చు, అది సరైన దారే. కాకపోతే నీ పని చూడకుండా, మీ ఓనర్‌తో మాట్లాడకుండా, "ఫొటోలు, లెటర్ పంపు చాలు" అంటే వద్దను.

ఇప్పుడు ఆఫరిచ్చిన కాలేజీని కూడా గుడ్డిగా నమ్మకు. ట్రైనింగ్ డాట్ గవ్ డాట్ ఏయూ అనే ప్రభుత్వ సైట్‌లో దాని కోడ్ కొట్టి, నీ కోర్సు వాళ్ల స్కోప్‌లో, అంటే చెప్పడానికి అనుమతి ఉన్న కోర్సుల్లో, ఉందో లేదో, ఆస్క్వా చర్యలేమైనా తీసుకుందో చూడు. విదేశీ విద్యార్థులకు చెప్పదగ్గ కోర్సుల ప్రభుత్వ జాబితా క్రికోస్‌లో విడిగా వెతుకు. అందులో లేని కోర్సులో విదేశీ విద్యార్థిని చేర్చుకోకూడదు.

—

అక్క చెప్పినదానికి ఒక మాట కలుపుతాను. కోర్సు 25 వారాలు దాటితే, మొదలవకముందే సగానికి మించి ట్యూషన్ ఫీజు కట్టమని కాలేజీ అడగకూడదు. మొత్తం కట్టమంటే అది ఈమెయిల్‌లో రాసివ్వమను. వారానికి ఎన్ని రోజులు కిచెన్‌లో నిలబెడతారో, ఆ సర్వీసులు చేయడానికి ప్లేస్‌మెంట్ కిచెన్ ఎవరు చూపిస్తారో కూడా అదే ఈమెయిల్‌లో అడుగు.