కామిక్ స్ట్రిప్‌లో ఒకే జోక్‌ని ఏళ్ల తరబడి ఎందుకు తిప్పుతారు? తెలిసినవాళ్లు చెప్పండి

నాలుగుగడులు:

అందరికీ నమస్కారం. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో వారానికోసారి చిన్న బొమ్మల కథ గీసి పెడుతుంటాను. నాలుగు గడులు, ఇద్దరే మనుషులు, ఒకరు మూడో అంతస్తు తాతగారు, ఇంకొకడు వాచ్‌మన్ కొడుకు. తాతగారు లిఫ్ట్ ఎక్కుతూ పిల్లాడికి ఏదో మంచి మాట చెప్పబోతారు, సరిగ్గా అసలు ముక్క దగ్గరికి వచ్చేసరికి లిఫ్ట్ తలుపు మూసుకుపోతుంది. ప్రతి వారం ఇదే. ముప్పై దాకా గీశాక మా అక్క అన్నీ వరసగా చూసి, "చివర తలుపు మూసుకుంటుందని మొదటి గడిలోనే తెలిసిపోతోంది కదరా, ఇంక చదవడం ఎందుకు" అంది. ఆ రోజు నుంచి పెన్సిల్ పట్టుకుంటే టెన్షన్‌గా ఉంది.

ఇదే టైములో లైబ్రరీ నుంచి 'పీనట్స్' అనే అమెరికన్ కామిక్ స్ట్రిప్ సంపుటాలు తెచ్చుకుని చదువుతున్నాను. అందులోనూ అంతే కదా! చార్లీ బ్రౌన్ తన్నడానికని లూసీ బంతిని నేల మీద పట్టుకుంటుంది, వాడు పరిగెత్తుకొస్తాడు, ఆఖరి క్షణంలో ఆవిడ బంతి లాగేస్తుంది, వాడు గాల్లోకి లేచి వెల్లకిలా పడతాడు. ఏళ్ల తరబడి అదే. మరి దాన్ని జనం నెత్తిన పెట్టుకున్నారు, నాది ఎందుకు విసుగొస్తోంది? ఫార్ములా తప్పా, నేను వాడిన తీరు తప్పా? మొహమాటం లేకుండా చెప్పండి.

పాతపేపర్లపెట్టె:

మంచి ప్రశ్న అడిగారండి. పీనట్స్ అంటే నాకు ప్రాణం కాబట్టి కాస్త పెద్దగానే రాస్తాను.

ఆ బంతి జోక్ మొదటిసారి వచ్చింది 1951 నవంబర్‌లో, అప్పటికి స్ట్రిప్ మొదలై ఏడాది దాటిందంతే. అప్పుడు బంతి పట్టుకున్నది లూసీ కాదు, వయొలెట్. తన చేతికి ఎక్కడ తన్ను తగులుతుందోనన్న భయంతో వదిలేసింది, అందులో మోసం ఏమీ లేదు. లూసీ చేతికి బంతి వచ్చింది 1952లో. ఆ ఒక్క స్ట్రిప్‌లోనే రెండుసార్లు పడతాడు, మొదట ఆవిడ తన కొత్త బంతికి వాడి మురికి బూటు తగలకూడదని లాగేస్తుంది, రెండోసారి లాగొద్దని వాడు బతిమాలితే అంత గట్టిగానూ పట్టుకుంటుంది, బంతి కదలదు, వీడే తట్టుకుని పడతాడు.

ఇక్కడి నుంచి చూడండి ఏం జరిగిందో. పడటం మారదు. మారేదల్లా వాణ్ని ఒప్పించే తీరు. ఒకసారి సంతకం చేసిన కాగితం చూపిస్తుంది, వాడు నమ్మి పరిగెత్తుతాడు, కింద పడ్డాక ఆ కాగితాన్ని నోటరీ చేయించలేదని చెబుతుంది. ఇంకోసారి వాడే తనకు తాను నచ్చజెప్పుకుంటాడు, మనుషుల మీద నమ్మకం ఉండాలి కదా అని. పడతాడని మనకు తెలుసు కాబట్టే కళ్లు ఆఖరి గడి మీద కాకుండా మధ్య గడుల్లో వాడి మొహం మీద ఉంటాయి. వద్దనుకుంటాడు, తల అడ్డంగా ఊపుతాడు, ఆగుతాడు, ఆలోచిస్తాడు, మళ్లీ ఆశపడతాడు. నాకైతే ఆ ఆశపడే గడి చూస్తే ఇప్పటికీ గుండె పిండేసినట్టుంటుంది.

మీ అక్కయ్యగారికి చివర తెలిసిపోవడం ఒక్కటే ఇబ్బంది కాకపోవచ్చు. మధ్యలో చూడటానికి ఆవిడకి ఏమీ దొరకలేదేమో చూసుకోండి.

డెస్క్_మనిషి:

నేను కొన్నేళ్లు ఒక పేపర్లో పేజీలు కట్టాను కాబట్టి ఆ వైపు నుంచి చెబుతాను. ఫార్ములా అంతా రచయిత తలలోంచే పుట్టదు, సగం పేజీలో ఖాళీ ఎంత ఉందన్న దాంట్లోంచి పుడుతుంది.

పీనట్స్‌నే తీసుకోండి. రోజువారీ స్ట్రిప్ నాలుగు గడులూ ఒకే సైజులో ఉండేవి. ఎందుకంటే పేపర్‌వాళ్లు తమ ఖాళీని బట్టి అడ్డంగా ఒక వరసలో పెట్టుకోవచ్చు, నిలువుగా ఒకదాని కింద ఒకటి పేర్చుకోవచ్చు, లేదా రెండు పైన రెండు కింద చతురస్రంగా వేసుకోవచ్చు. చోటు కలిసొస్తుందని చెప్పి అమ్మారు. దానికి తగ్గట్టే ప్రతి రోజూ నాలుగు అడుగుల నడక, మాట, మాట, ఆగడం, దెబ్బ. 1988లో గానీ దాన్ని గీసిన షుల్జ్‌కి ఆ నాలుగు గడుల కట్టు నుంచి విడుదల దొరకలేదు.

ఆదివారం స్ట్రిప్ కథ ఇంకోలా ఉంటుంది. పైవరస గడుల్ని చోటు లేని పేపర్లు తీసి పారేసేవి. తీసేసినా కథ చెడకూడదు కాబట్టి గీసేవాళ్లు అక్కడ విడిగా ఓ చిన్న జోక్ పెట్టి, అసలు కథని రెండో వరస నుంచి మొదలుపెట్టేవారు. 'కాల్విన్ అండ్ హాబ్స్' గీసిన వాటర్‌సన్ దీనితో విసిగిపోయి, 1991లో కొన్నాళ్లు సెలవు పెట్టి, 1992లో తిరిగొచ్చాక ఆదివారం అరపేజీని ముక్కలు చేయకుండా వేయాలన్న ఏర్పాటుతో వచ్చాడు. ఆ తర్వాతి ఆదివారాలు తీసి చూడండి, ఒక్కో వారం గడులు ఒక్కో ఆకారంలో ఉంటాయి.

ఫాంటమ్ లాంటి సీరియల్ కథల్లో మొదటి గడి నిన్నటి సంగతి గుర్తుచేస్తుంది, చివరి గడి రేపటికి కొక్కెం వేస్తుంది, ముందుకు నడవడానికి మిగిలేది మధ్య ఒక్క గడే. పుస్తకంగా కలిపి చదివితే అదే మాట మళ్లీ మళ్లీ వచ్చినట్టుంటుంది గానీ, నిన్నటి పేపర్ పొట్లం కట్టేసిన ఇంట్లో అది అవసరం.

మీరు వాట్సాప్‌లో పెడుతున్నారు, మిమ్మల్ని నాలుగు గడుల్లో ఉండమన్నవాళ్లు ఎవరూ లేరు. ఇంకో సంగతి, మీ అక్కయ్య ముప్పై ఒకేసారి చదివారు. వారానికొకటి చదివేవాళ్లకి అంత విసుగు రాదు, దాన్ని కూడా లెక్కలో పెట్టుకోండి.

శారద_విజయనగరం:

డెస్క్ గారూ, ఆ ఆఖరి మాట దగ్గర నేను ఒప్పుకోను. వారానికొకటి చదివినా విసుగొచ్చే స్ట్రిప్‌లు బోలెడున్నాయి. 'గార్ఫీల్డ్' స్ట్రిప్ చూడండి, సోమవారం అంటే చిరాకు, లసాన్యా అనే తిండి అంటే ఇష్టం అని ఆ పిల్లితో వందలసార్లు చెప్పిస్తే అది అలవాటుగా చదువుకోవడమే గానీ అందులో ఆశ, భయం ఏవి? ఇది నా అభిప్రాయం, గార్ఫీల్డ్ అభిమానులు ఏమీ అనుకోకండి.

దీనికి పూర్తిగా ఎదురు 'క్రేజీ క్యాట్'. 1913 నుంచి 1944 దాకా వచ్చింది. ఎలుక పిల్లి మీదకి ఇటుక విసురుతుంది, పిల్లి దాన్ని ప్రేమ అనుకుంటుంది, పిల్లిని ప్రేమించే పోలీసు కుక్క ఎలుకని జైల్లో పెడుతుంది. ముప్పై ఏళ్లు అంతే. కానీ వెనకాల చూడండి, ఒక గడిలో కొండ ఉన్నచోట పక్క గడిలో చెట్టుంటుంది, మనుషులు కదలకపోయినా ఊరు కదిలిపోతుంది. ఇటుక ఖాయం కాబట్టే దాన్ని గీసిన హెరిమన్ మిగతాదంతా అంత స్వేచ్ఛగా గీయగలిగాడు.

మనకి ఇది కొత్తేం కాదండి. చందమామలో బేతాళ కథ చదివి పెరిగినవాళ్లమే కదా. విక్రమార్కుడు శవాన్ని భుజాన వేసుకోవడం, నోరు విప్పగానే బేతాళుడు మళ్లీ చెట్టెక్కడం ప్రతి నెలా ఉండేవే, మా ఇంట్లో ఆ పేరా ఎవరూ చదివేవాళ్లు కాదు, ఒకసారి కళ్లతో తడిమి లోపలికి వెళ్లిపోయేవాళ్లం. అది గుమ్మం, కథ లోపల ఉండేది. మీ లిఫ్ట్ తలుపు విషయంలో నాకు తోచింది ఇదే, మీరు గుమ్మాన్నే ఇల్లనుకున్నారు. ఆ పిల్లాడికి తాతగారి మాట వినాలని ఎందుకుంది? అది నాకు మీ పోస్టులో ఎక్కడా కనపడలేదు.

నాలుగుగడులు:

ముగ్గురికీ చాలా థాంక్స్. శారద గారూ, మీరడిగాక ముప్పైనీ ముందేసుకుని చూశాను. ఇరవై ఆరింట్లో పిల్లాడు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు, అంతే. వాడికి ఏదీ అక్కర్లేదు, నేను వాణ్ని వినేవాడిగా పెట్టుకున్నానంతే. చార్లీ బ్రౌన్‌కి ఆ బంతిని తన్నాలని ఉంది, వీడికి ఏమీ లేదు. తలుపు మూసుకున్నా వాడికి పోయేదేం లేనప్పుడు చదివేవాళ్లకి మాత్రం ఏం పట్టింది.

ఒక్క సందేహం. ఎప్పటికైనా తలుపు తెరిచే ఉంచాలా? ఒక్కసారి వాడికి పూర్తిగా వినిపించేస్తే స్ట్రిప్ అయిపోయినట్టేనా?

పాతపేపర్లపెట్టె:

షుల్జ్ ఆ పని 1979లో ఒకసారి చేశాడు. చార్లీ బ్రౌన్ ఆసుపత్రిలో ఉంటే, వాడికి నయమైతే బంతి లాగనని లూసీ మాటిస్తుంది. నిజంగానే లాగదు. వాడు బంతిని వదిలేసి ఆవిడ చేతిని తంతాడు, చేతికి కట్టు పడుతుంది. మాట నిలబెట్టుకుంది, అయినా బంతి మాత్రం తన్నబడలేదు.

ఆఖరిసారి 1999 అక్టోబర్‌లో. లూసీని ఇంట్లోంచి భోజనానికి పిలుస్తారు, బంతిని తమ్ముడు రీరన్‌కి ఇచ్చి వెళుతుంది. తిరిగొచ్చి ఏమైందని అడిగితే వాడు చెప్పడు. మనకీ చూపించడు. ఇంకో నాలుగు నెలలకి, 2000 ఫిబ్రవరి 13న చివరి స్ట్రిప్ వచ్చింది, దానికి ముందు రాత్రే షుల్జ్ పోయారు. యాభై ఏళ్ల పాటు సహాయకులెవర్నీ పెట్టుకోకుండా తానే గీసిన మనిషి, ఆ ఒక్క తన్ను తగిలిందో లేదో చెప్పకుండానే వెళ్లిపోయారు. అందుకని మీరు తలుపు తెరవచ్చు, కాకపోతే తెరిచినరోజు ఏం వినిపించాలో ముందు తేల్చుకోండి.

నాలుగుగడులు:

సరేనండి, ఈ వారానిది రాత్రి గీశాను. పిల్లాడి సైకిల్ చైన్ ఊడిపోయింది, స్కూల్ బెల్ కొట్టే టైము, తాతగారికి చైన్ ఎక్కించడం తెలుసు. తలుపు మూసుకోబోతుంటే వాడు తన చెప్పు తీసి అడ్డం పెడతాడు. తలుపు ఆగుతుంది. తాతగారు నోరు తెరుస్తారు. కరెంటు పోతుంది. ఆఖరి గడి మొత్తం నలుపు, కింద మూలన ఆ చెప్పు ఒక్కటే తెల్లగా. ఐదు గడులయ్యాయి, తగ్గించలేదు.