‘వాన అవకాశం 20 శాతం’: ఇదీ ఒక అంచనాయేనా?

గాలివాటం: స్లాబ్ పోయించిన రోజు ఫోన్‌లో వాన అవకాశం 20 శాతం అని ఉంది. సాయంత్రం కుంభవృష్టి. సిమెంటు పాలన్నీ కొట్టుకుపోయాయి. వాన పడినా 20 రైటే, పడకపోయినా రైటే! ఎప్పటికీ తప్పు కాని మాటను అంచనా అంటారా?

తూకంరాయి: ఒక్క రోజుతో తేలదండీ. 20 అని చెప్పిన రోజులన్నీ ఏరి చూడాలి. అయిదింట ఒక రోజు పడితే లెక్క సరిపోయినట్టు. సగం రోజులు పడితే అప్పుడు తిట్టండి.

చినుకు: ఆ ఒక్క రోజూ ఈయనకే తగిలిందన్నమాట 😀

గాలివాటం: నాది ఒక్కటే స్లాబ్, అయిదు లేవు. 1861లో ఇంగ్లండ్ వాతావరణాధికారి ఫిట్జ్‌రాయ్ పత్రికలో అంచనాలు వేయించినప్పుడు శాతాల చాటున దాక్కోలేదు. తప్పినప్పుడు మాటలు పడ్డాడు.

తూకంరాయి: పడ్డాడు. ఆయన పోయిన మరుసటి ఏడు, 1866లో, ఆ అంచనాలే ఆపేశారు. అదా మీకు కావాల్సింది? తర్వాత రిచర్డ్‌సన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త 1910 మే 20 నాటి వాతావరణానికి చేత్తో లెక్క కడితే ఆరు గంటల్లో పీడనం 145 మిల్లీబార్లు పెరగాలని వచ్చింది. నిజంగా దాదాపు కదల్లేదు. 1961లో లోరెంజ్ అనే అమెరికా వాతావరణ శాస్త్రవేత్త కంప్యూటర్‌లో 0.506127 బదులు 0.506 కొట్టాడు, అంతే, వాతావరణమే వేరే దారి పట్టింది. అందుకే ఇప్పుడు లెక్క మొదలుపెట్టే అంకెలు కాస్త కాస్త మార్చి ఒకే లెక్కను యాభై సార్లు నడుపుతారు. మోటుగా చెప్పాలంటే, పదిసార్లు వాన వస్తే 20 శాతం.

గాలివాటం: నేనడిగింది చరిత్ర కాదు. పోయించాలా వద్దా?

తూకంరాయి: అది మీ నిర్ణయం. వాళ్లది కాదు.

మబ్బుచూపు: మధ్యలో వస్తున్నా. మధ్యాహ్నానికి దూదిపింజల్లాంటి మబ్బులు గోపురాల్లా పైకి లేస్తుంటే ఉరుముల వాన రావచ్చని కంటికే తెలుస్తుంది. ఆ రోజు ఎవరూ తలెత్తి చూడలేదా?

గాలివాటం: మీ నీతులు ఆపండి! చూశాడండీ, మేస్త్రీ చూశాడు. పడమటి మబ్బు చూపించి రేపు పోద్దాం అన్నాడు. నేనే ఫోన్ వాడి మొహం మీద పెట్టి, ‘ఇరవయ్యే, కానీ’ అన్నాను.

చినుకు: అయ్యో.

తూకంరాయి: మరి కప్పడానికి టార్పాలిన్ తెప్పించుకోలేదా?

గాలివాటం: ఉంది. అటక మీద.