పాత హార్డ్ డిస్కు సమ్మెటతో పగలగొట్టాల్నా, తుడిస్తే చాలా?

ఏడురోడ్లు (కడప):
అన్నలూ ఒక డౌటు. ఇంట్లో పాత డెస్క్‌టాప్ ఉండాది, 500 జీబీ హార్డ్ డిస్కు. నా ల్యాప్‌టాప్ ఎస్ఎస్‌డీది, అంటే తిరిగే పళ్లెం లేకుండా చిప్పుల్లో దాచుకునే రకం. రెండూ సెకండ్ హ్యాండ్ షాపులో ఇచ్చేద్దామనుకుంటాండా. నాయన పాస్‌బుక్ స్కాన్లు, పొలం 1బీ, అందరి ఆధార్లు, అమ్మ మెడికల్ రిపోర్టులు, నా ఐటీ రిటర్నులు అన్నీ వాటిల్లోనే ఉండె, షిఫ్ట్ డిలీట్ కొట్టేసినా. మా మామేమో డిస్కు పీకి సమ్మెటతో కొట్టు, లేకుంటే నీ పేరుమింద ఎవుడో లోన్ తీస్తాడు అంటాడు. పగలగొడితే షాపోడు రేటు కోస్తాడు. ఏం జేయాల?

బురుజునీడ (కర్నూలు):
షిఫ్ట్ డిలీట్‌తో ఏం పోలేదప్పా. రేషన్ లిస్టులో పేరు కొట్టేసినారు అంతే, మనిషి ఇంట్లోనే ఉండాడు. దాని మింద వేరే డేటా పడేదాకా బయటికి లాగొచ్చు. మా చెల్లెలి పెళ్లి ఫోటోలు పొరపాటున పోతే నేనే ఫోటోరెక్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టి లాగినా, వాటితో పాటు మా బావ ఎప్పుడో డిలీట్ చేసుకున్న పాత ఫోటోలు గూడా వచ్చి కూచున్నాయి, ఇంట్లో రెండు దినాలు పంచాయితీ. మీ మామ చెప్పిందే రైటు. కొట్టు.

టవర్‌క్లాక్ (అనంతపురం):
పనిచేసే డిస్కుని కొట్టడం దండగ. తిరిగే డిస్కు అయితే మొత్తం ఒక్కసారి సున్నాలు రాస్తే సాలు. 35 సార్లు రాయాల అనే మాట 1996లో గుట్‌మన్ అనే కంప్యూటర్ సెక్యూరిటీ ఆయన రాసిన పేపరు నుంచి వచ్చింది, అది అప్పటి రకరకాల డిస్కులన్నిటికీ కలిపి చెప్పిన లెక్క, ఇప్పటి డిస్కులకి అక్కర్లేదని తర్వాత ఆయనే చెప్పినాడు. మన సాఫ్ట్‌వేర్లు మాత్రం ఇంకా ఆ బటన్ పెట్టుకోని ఉండాయి, రాత్రంతా తిరుగుతానే ఉంటాది. డిస్కుని ఇంకో కంప్యూటర్‌కి తగిలించి, క్విక్ ఫార్మాట్ టిక్కు తీసేసి ఫార్మాట్ కొట్టు, విస్టా కాలం నుంచి విండోస్ ఫుల్ ఫార్మాట్‌లో సున్నాలు రాస్తాది. టిక్కు ఉంచి కొడితే మాత్రం ఏం లాభం లేదు, ఎక్కువమంది పొరపాటు చేసేది ఆడనే.

బురుజునీడ:
సరే ఒప్పుకుంటా. ఎస్ఎస్‌డీకి గూడా అదే కదా? నేను ఫైలు మింద చెత్త రాసే సాఫ్ట్‌వేర్ వాడి రెండు ల్యాప్‌టాప్‌లు అమ్మినా.

టవర్‌క్లాక్:
అదే తప్పు చేసినావన్నా. ఎస్ఎస్‌డీలో నువ్వు పాత ఫైలు మింద రాస్తాండా అనుకుంటావ్, అది మాత్రం ఒకే చోట అరిగిపోకుండా కొత్త సెల్లులో రాస్తాది, పాత కాపీ ఇంకోచోట పడి ఉంటాది, ఆ చోటు విండోస్‌కి కనపడదు. ట్రిమ్ అని ఒకటి ఉండాది, డిలీట్ చేసినంక ఈ జాగా ఖాళీ అని డ్రైవుకి చెప్తాది, తుడిచేది మాత్రం డ్రైవుకి తోచినప్పుడు. యాపిల్ వాళ్లు 2015లో మ్యాక్ ఎల్ క్యాపిటన్ వెర్షన్‌లో సెక్యూర్ ఎంప్టీ ట్రాష్ (చెత్తబుట్టలో ఫైళ్ల మింద రాసి తుడిచే ఆప్షన్) తీసేసింది గూడా ఇందుకే, ఎస్ఎస్‌డీ లాంటి ఫ్లాష్ చిప్పుల మింద గ్యారంటీ ఇయ్యలేమని. కాబట్టి ఒక్కో ఫైలు కాదు, డ్రైవు మొత్తానికి సెక్యూర్ ఎరేజ్ కొట్టాల, అంటే మొత్తం తుడుచుకోమని డ్రైవుకే చెప్పే కమాండు. కొన్నిట్లో బయోస్‌లోనే (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగులు) ఉంటాది, లేకుంటే డ్రైవు కంపెనీ టూల్ చూడు. కొత్త ల్యాప్‌టాప్‌కి మాత్రం మొదటిరోజే ఎన్‌క్రిప్షన్ (తాళంచెవి లేకుంటే చదవలేనట్లు రాసేది) పెట్టేయ్, అమ్మేటప్పుడు తాళంచెవి పోతే మిగిలిందంతా పిచ్చిరాతే. నాలుగేండ్లు వాడినంక పెడితే పాత కాపీలు కొన్ని అట్లే మిగలొచ్చు.

ఓళిగ (అనంతపురం):
సమ్మెట గురించి ఒక మాట. ల్యాప్‌టాప్ హార్డ్ డిస్కుల్లో చానావాటికి లోపల పళ్లెం గాజుది, పగిలితే కంట్లోకి వస్తాది, గుడ్డలో చుట్టకుండా కొట్టొద్దండి. ఎస్ఎస్‌డీకి అయితే చిప్పులు నలగాల, పక్కన కొట్టి సంబరపడేవాళ్లని చూసినా.
అది కాదుగానీ తమ్ముడూ, ఆ ఆధార్ ప్రింట్లు యాడ తీయించినావు? మా వీధిలో జిరాక్స్ షాపు కంప్యూటర్ డెస్క్‌టాప్ మింద ఊర్లో సగం మంది ఆధార్లు ఉండాయి, వాట్సాప్‌లో పంపుతారు, ఆయన డౌన్‌లోడ్ చేసి ప్రింట్ ఇచ్చి అట్లే వదిలేస్తాడు. పీడీఎఫ్‌కి పాస్‌వర్డ్ ఉంది కదా అనొద్దు, పేరులో మొదటి నాలుగక్షరాలు, పుట్టిన సంవత్సరం, అంతే కదా.

బురుజునీడ:
అక్కా ఇది టాపిక్ మార్చడం.

ఓళిగ:
ఇంట్లో బీరువాకి తాళమేసి వాకిలి తెరిచిపెడితే అది గూడా టాపిక్కే.

ఏడురోడ్లు:
డెస్క్‌టాప్ డిస్కు మా ఫ్రెండు సిస్టమ్‌కి తగిలించి ఫుల్ ఫార్మాట్ పెట్టినా, గంట దాటింది ఇంకా నడుస్తాండాది. ల్యాప్‌టాప్‌కి బయోస్‌లో ఆ ఆప్షన్ ఉండాది అన్నా, థాంక్స్. అక్కా, మీరు చెప్పినంక జిరాక్స్ షాపుకి పోయి చూసినా, నా పేరుతో ఫోల్డరే ఉండాది, అందులో నాయన పాస్‌బుక్ గూడా. తీసేయన్నా అంటే ఎదురుగానే డిలీట్ కొట్టి "అయిపోయింది లేబ్బా" అన్నాడు. రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయన్నా అంటే మొగం అదోమాదిరి పెట్టినాడు.