నాయనకు ఏఐ ఎక్స్‌రేలో మచ్చ ఉందన్నారు, ఇప్పుడు సీటీ తీయమంటున్నారు, రెండు నెలల్లో ఇది రెండోది

ఎర్రగుంట్ల బిడ్డ:
కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి. మాది కడప జిల్లా ఎర్రగుంట్ల దగ్గర. నాయనకు 58 ఏళ్లు, ఇరవై ఏళ్లకు పైగా నాపరాళ్ల పాలిషింగ్ ఫ్యాక్టరీలో పని చేశాడు. పోయిన నెల మా ఊరికి టీబీ పరీక్షల కోసం చేత్తో పట్టుకునే చిన్న ఎక్స్‌రే మిషన్ తీసుకొచ్చారు. నాయన ఛాతీ తీసిన నిమిషం లోపే ఫోన్ లాంటి స్క్రీన్ మీద కుడి ఊపిరితిత్తి పైభాగంలో ఎర్రగా ఒక మచ్చ చూపించి, టీబీ అనుమానం అని రాసిచ్చారు. డాక్టర్ చూడలేదు, ఏఐ చెప్పింది అన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి ఇంట్లో అందరికీ టెన్షన్. కఫం పరీక్ష రెండుసార్లు చేయించాం, టీబీ లేదని వచ్చింది. అయినా దగ్గు తగ్గలేదు, ఊపిరితిత్తుల డాక్టరేమో సీటీ తీయమన్నారు.

నాయన రానంటున్నాడు. రెండు నెలల కిందటే కిడ్నీలో రాయి అని పొట్టకు సీటీ తీశారు. మా అమ్మ పుట్టిల్లు వేముల వైపు, తుమ్మలపల్లె యురేనియం గని ఉన్న పక్క. రేడియేషన్ అనే మాట మా ఇంట్లో ఎప్పటి నుంచో భయపెట్టే మాటే. "మిషన్ తప్పు చెప్పిందని పరీక్షలోనే తేలింది కదా, మళ్లీ ఇంకో మిషన్ కింద నన్నెందుకు పడుకోబెడతారు" అంటున్నాడు. ఏం చెప్పాలో తెలియడం లేదు. రెండు నెలల్లో రెండు సీటీలు నిజంగా ప్రమాదమా?

అనంతపురం టెక్నీషియన్:
తమ్ముడూ, నేను సీటీ మిషన్ దగ్గర పదకొండేళ్లుగా పని చేస్తున్నా. ముందు ఏఐ సంగతి. ఆ ఎక్స్‌రే సాఫ్ట్‌వేర్ చేసేది జల్లెడ పట్టడమే. ఫిల్ములో టీబీ లాంటి నీడ ఎంత కనబడుతుందో ఒక స్కోర్ ఇస్తుంది, ఒక గీత పెట్టుకుని దాని పైన వచ్చిన వాళ్లందరినీ కఫం పరీక్షకు పంపిస్తారు. 15 ఏళ్లు దాటిన వాళ్లలో టీబీ స్క్రీనింగ్‌కు ఇలా వాడొచ్చని డబ్ల్యూహెచ్‌ఓ 2021లో చెప్పింది, కానీ జబ్బు ఉందా లేదా అని తేల్చేది ఆ స్కోర్ కాదు, కఫం పరీక్ష. ఎప్పుడో వచ్చి మానిపోయిన మచ్చ ఉన్నా, ఏళ్ల తరబడి రాతి దుమ్ము పీల్చిన ఊపిరితిత్తులైనా ఆ సాఫ్ట్‌వేర్ టీబీ అని అనుమానించవచ్చు. అలాగని నీడే లేదని కాదు కదా. అక్కడ ఏదో ఉంది, కఫంలో టీబీ కనబడలేదు, మరి అదేమిటి అని చూడడానికే మీ డాక్టర్ సీటీ అడిగారు. నాయనగారికి ఇది ఇలాగే చెప్పండి.

ఇక రేడియేషన్. పాత సీటీ సీడీ ఉంటే ఏదైనా కంప్యూటర్‌లో తెరిచి చూడండి, బొమ్మల చివర డోస్ రిపోర్ట్ అని ఒక పేజీ ఉంటుంది. అందులో టోటల్ డీఎల్‌పీ అనే అంకె, అంటే ఆ స్కాన్ మొత్తానికి వాడిన రేడియేషన్ కొలత, చెప్పండి, లెక్క నేను కడతా.

కర్నూలు వాసి:
టెక్నీషియన్ అన్న చెప్పింది బాగానే ఉంది కానీ జనం ఊరికే భయపడటం లేదు. మా అత్తకు తలనొప్పి అని ఒకచోట సీటీ తీశారు. ఆ ఫిల్ములు పట్టుకుని ఇంకోచోటికి పోతే "బయటివి మేం చూడం" అని మళ్లీ తీశారు, నాలుగో రోజు బొమ్మ స్పష్టంగా రావడానికి నరానికి ఎక్కించే కాంట్రాస్ట్ మందుతో ఇంకొకటి. వారంలో మూడు! మొదటి రిపోర్ట్ కింద ఏ డాక్టర్ సంతకమూ లేదు, కంప్యూటర్ రిపోర్ట్, సంతకం అక్కర్లేదు అని ఒక లైన్. ఎవరు చదివారు అంటే కౌంటర్‌లో అమ్మాయి మా ముఖం చూస్తా ఉండిపోయింది. రేపు ఏఐ రాసిచ్చినా అదే లైన్ ఉంటుంది. తప్పు జరిగితే మేం ఎవరి దగ్గరికి పోవాలి? బ్రదర్, సంతకం, రిజిస్ట్రేషన్ నంబర్ లేని రిపోర్ట్ తీసుకోవద్దు, సీడీ తీసుకోకుండా బయటికి రావద్దు.

ఎర్రగుంట్ల బిడ్డ:
అన్నా, సీడీ బీరువాలో దొరికింది, నెట్ సెంటర్‌లో చూశాం. టోటల్ డీఎల్‌పీ 420 అని ఉంది. ఇంకో మాట, ఇక్కడ ఒక సెంటర్ వాళ్లు మాది ఏఐ సీటీ, రేడియేషన్ చాలా తక్కువ అంటున్నారు, నమ్మొచ్చా?

అనంతపురం టెక్నీషియన్:
ఒంటి మీద పడే రేడియేషన్‌ను మిల్లీసీవర్టుల్లో కొలుస్తారు, డీఎల్‌పీని ఆ భాగానికి ఉన్న అంకెతో గుణిస్తే అది సుమారుగా వస్తుంది. పెద్దవాళ్ల పొట్ట సీటీకి 420ని 0.015తో గుణిస్తే సుమారు 6.3 మిల్లీసీవర్టులు. ఛాతీకి కాంట్రాస్ట్ లేకుండా తీస్తే డీఎల్‌పీ 300 అనుకోండి, 0.014తో గుణిస్తే 4.2. రెండూ కలిపి పదిన్నర. నేల నుంచి, గాలి నుంచి, ఆకాశం నుంచి మనిషికి ఏ స్కానూ లేకుండానే ఏడాదికి సగటున 2.4 వస్తుంది, అంటే నాలుగేళ్ల పైచిలుకు వాటా ఒకేసారి పడినట్టు. 10 మిల్లీసీవర్టుల సీటీ వల్ల ప్రాణం తీసే క్యాన్సర్ వచ్చే అవకాశం 2000 మందిలో ఒకరికి పెరగవచ్చని అమెరికా ఎఫ్‌డీఏ అంచనా. సున్నా అని నేను చెప్పను. కానీ చిన్నపిల్లలకు ఉన్నంత ముప్పు 58 ఏళ్ల మనిషికి ఉండదు, తగ్గని దగ్గును వదిలేయడమే నాకు ఎక్కువ భయంగా ఉంది.

అమ్మగారికి ఒకటి చెప్పండి. యురేనియం పదార్థం, అది నీళ్లలోనో దుమ్ములోనో చేరితే ఒంట్లోకి పోయి కొంత ఉండిపోవచ్చు. సీటీలో ఎక్స్‌రేలు లైటు లాంటివి, స్విచ్ ఆపితే గదిలోనూ ఒంట్లోనూ ఏమీ మిగలదు. కొందరు అనుకునేట్టు మజ్జిగ తాగి కడిగేసుకోవాల్సింది ఏమీ లేదు. నీళ్లు ఎక్కువ తాగమనేది కాంట్రాస్ట్ మందు బయటికి పోవడానికి, అది వేరే సంగతి.

ఏఐ సీటీ మాట సగమే నిజం. డోస్ తగ్గిస్తే బొమ్మ ఇసుక చల్లినట్టు వస్తుంది, దాన్ని ఆ సాఫ్ట్‌వేర్ శుభ్రం చేస్తుంది, అందువల్ల తక్కువ డోస్‌తో తీసినా డాక్టర్ చదవగలరు. కానీ డోస్ తగ్గించి పెట్టాల్సింది నాలాంటి మనిషే. పాత సెట్టింగుల్లోనే తీస్తే బొమ్మ అందంగా వస్తుంది, రేడియేషన్ మాత్రం అంతే ఉంటుంది. కాబట్టి బోర్డు చూసి వెళ్లకండి. రేడియేషన్ మిషన్ల భద్రత చూసే కేంద్ర సంస్థ ఏఈఆర్‌బీ లైసెన్స్ ఉందా, డీఎల్‌పీ రాసిస్తారా, చదివే రేడియాలజిస్ట్ ఎవరు అని అడగండి. అడిగితే ఎవరైనా కసురుకుంటే ఇంకో చోటికి పోండి. కర్నూలు అన్న చెప్పిన మూడుసార్ల సంగతి చదివి నిజంగా బాధేసింది, ఒకే మనిషికి అదే స్కాన్ మళ్లీ మళ్లీ తీయడం మా పనిలో నాకు అన్నిటికన్నా నచ్చనిది.

ఎర్రగుంట్ల బిడ్డ:
చాలా థాంక్స్ అన్నా. 6.3, 4.2 అని ఫైలు అట్ట మీద రాసి నాయనకు చూపించా. చాలాసేపు చూసి, "అడిగితే అంకె చెప్తారంటే పోదాం పద" అన్నాడు. బుధవారం పోతున్నాం, సీడీ కూడా తీసుకుపోతా. మెడలో తాయెత్తు, వెండి మొలతాడు రెండూ తీయాలా అని అడుగుతున్నాడు.

అనంతపురం టెక్నీషియన్:
తాయెత్తు తీయాలి, మొలతాడు ఛాతీ స్కాన్‌కు అడ్డం రాదు, ఉండనివ్వండి. దగ్గు ఉంది కాబట్టి బుధవారం దాకా రోజూ నాలుగుసార్లు పడుకోబెట్టి, చేతులు తల పైకి పెట్టించి, ఊపిరి పీల్చి పది అంకెలు లెక్కపెట్టే దాకా బిగబట్టడం అలవాటు చేయించండి. మధ్యలో దగ్గితే బొమ్మ చెదిరిపోయి మళ్లీ తీయాల్సి వస్తుంది.