రీబార్న్ రిజాల్వ్ అయినంక ఫస్ట్ ఛాన్స్ ఎవరిది? టర్న్ నాది, ట్రాప్ వాడిది

కూకట్‌పల్లి_డ్యూయలిస్ట్:
అన్నలారా ఒక లొల్లి తెంపుండ్రి. ఆదివారం దోస్తు ఇంట్ల యుగియో (కార్డుల ఆట) ఆడుతున్నం, పాత డెక్కులే, సరదాకి. టర్న్ నాది. మాన్‌స్టర్ రీబార్న్ (పోయిన మాన్‌స్టర్‌ని మళ్ల తెచ్చే స్పెల్) వేసి గ్రేవ్‌యార్డ్‌ల (పోయిన కార్డుల కుప్పల) ఉన్న బ్లాక్ లస్టర్ సోల్జర్‌ని లేపిన (ఎన్వాయ్ ఆఫ్ ది బిగినింగ్, ముందే ఒకసారి సక్కగ సమన్ అయి, అంటే ఫీల్డ్ మీదికి దిగి, పోయినోడే, ఆ లొల్లి మళ్ల తీయకుండ్రి). వాడు చెయిన్ (నా కార్డుకు జవాబు కార్డు) ఏం వెయ్యలే. సోల్జర్ ఫీల్డ్ మీదికి వచ్చిండు, నేను వెంటనే ఎఫెక్ట్ వాడుతున్న, నీ పెద్ద మాన్‌స్టర్ బానిష్ (ఆట నుంచే బయటికి) అన్న. అప్పుడు వాడు ఆగు ఆగు అని బాటమ్‌లెస్ ట్రాప్ హోల్ (దిగిన మాన్‌స్టర్‌ని బానిష్ చేసే ట్రాప్) తిప్పిండు. సోల్జర్ బానిష్, వాడి మాన్‌స్టర్ మాత్రం దర్జాగ కూసున్నది. నేననేది ఏందంటే, ఎఫెక్ట్ రిజాల్వ్ అయినంక (దాని పని జరిగిపోయినంక) ఫస్ట్ ఛాన్స్ టర్న్ ప్లేయర్‌ది కదా, మరి నా ఎఫెక్టే ముందు పడాలె, వాడు ట్రాప్ వేస్తే దానికి చెయిన్ లెక్క వెయ్యాలె, అట్లయితే సోల్జర్ పోయినా వాడి మాన్‌స్టర్ కూడా పోతది. అవునా కాదా?

నారాయణగూడ_ట్రాప్‌హోల్:
కాదు తమ్మీ. నువ్వు చెప్పిన మాటల సగమే నిజం. చెయిన్ మొత్తం రిజాల్వ్ అయినంక ముందు ట్రిగర్ ఎఫెక్టులు (ఏదన్న జరిగితే దానికి మొదలయ్యేటివి) ఏమన్న ఉన్నయా అని చూస్తరు, లేకపోతే ఫస్ట్ ఛాన్స్ టర్న్ ప్లేయర్‌దే, కరెక్టే. కానీ ఆ ఛాన్స్ ఫాస్ట్ ఎఫెక్టులకే, అంటే క్విక్ ఎఫెక్ట్, క్విక్ ప్లే స్పెల్, ట్రాప్, ఇట్లాంటివి. సోల్జర్‌ది ఇగ్నిషన్ ఎఫెక్ట్, అంటే నీ టర్న్‌ల ఆట ఓపెన్‌గ ఉన్నప్పుడే వాడేది. అది వాడాలంటే ఫస్ట్ నువ్వు ఫాస్ట్ ఎఫెక్ట్ ఏం లేదని పాస్ అవ్వాలె, తర్వాత వాడు పాస్ అవ్వాలె, అప్పుడే ఆట మళ్ల ఓపెన్ అయితది. మీసేవల ఫస్ట్ టోకెన్ నీదే అయినా ఆ కౌంటర్‌ల కరెంటు బిల్లే కడితే నువ్వు పట్టా కాయితం పెడతానంటే ఎట్ల? వాడు బాటమ్‌లెస్ వేసుడు వంద శాతం లీగల్.

కూకట్‌పల్లి_డ్యూయలిస్ట్:
మరి మా అన్న నాకు నేర్పినప్పుడు సమన్ చేసి 'ప్రయారిటీ' అని ఎఫెక్ట్ వాడుకోవచ్చు అని చెప్పిండు. ఆయన టోర్నమెంట్లు ఆడినోడు, ఊకె చెప్పడు.

నారాయణగూడ_ట్రాప్‌హోల్:
మీ అన్న ఊకె చెప్పలే, ఆయన ఆడిన రోజులల్ల అదే రూల్. దాన్నే ఇగ్నిషన్ ప్రయారిటీ అనేటోళ్లు. 2011 ల తీసేసిన్రు. అంతకుముందు జడ్జ్‌మెంట్ డ్రాగన్ దిగిందంటే అవతలోడికి ఊపిరాడకపోవు, దిగుడే 1000 లైఫ్ పాయింట్లు కట్టి మిగిలిన కార్డులన్నీ ఊడ్చేసుడే, నువ్వు బాటమ్‌లెస్ చెయిన్ చేస్తే డ్రాగన్ పోతది గానీ ఊడ్చుడు ఆగది, ఎందుకంటే ఎఫెక్ట్ అప్పటికే చెయిన్ మీద ఉన్నది. ఆ రూల్ పోయినంకనే సమన్ మీద పడే ట్రాపులకి మళ్ల విలువ వచ్చింది. నా మట్టుకు నాకు అది ఆ గేమ్‌ల చేసిన మంచి పనులల్ల ఒకటి.

స్టాక్_మాస్టర్:
నేను విజయవాడ నుంచి వచ్చి అమీర్‌పేటలో ఉంటున్నా, ఆడేది మ్యాజిక్ (ఇంకో కార్డుల ఆట). మీ గొడవ చదువుతుంటే నవ్వొస్తోంది, ఎందుకంటే మా దగ్గర ఇదే కేసులో డ్యూయలిస్ట్ గెలిచేవాడు. మ్యాజిక్‌లో కూడా ఏదైనా రిజాల్వ్ అవగానే ప్రయారిటీ యాక్టివ్ ప్లేయర్‌కే (టర్న్ ఎవరిదో వాళ్లకే) వస్తుంది, ఆ స్పెల్ ఎవరు వేసినా సరే. కానీ మెయిన్ ఫేజ్‌లో స్టాక్ (రిజాల్వ్ కావాల్సిన వాటి వరస) ఖాళీగా ఉంటే ఆ ప్రయారిటీతో ఏదైనా చేసుకోవచ్చు, సార్సరీ (సొంత టర్న్‌లోనే వేసే స్పెల్) కూడా వేయొచ్చు. అందుకే 3 లాయల్టీ (ప్రాణం లాంటి లెక్క) ఉన్న ప్లేన్స్‌వాకర్ కార్డు దిగిందనుకోండి, అవతలివాడి చేతిలో లైట్నింగ్ బోల్ట్ (3 దెబ్బ కొట్టే స్పెల్) ఉన్నా ముందు ఛాన్స్ వాడికి రాదు, నేను ప్లస్ 1 నొక్కేస్తా, అది కాస్ట్ (ముందే కట్టేది) కాబట్టి అక్కడికక్కడే 4 అయిపోతుంది, ఇక వాడు బోల్ట్ వేసినా 1 మిగులుతుంది. దిగీదిగగానే బోల్ట్ వేస్తా అని లేచే కొత్తవాళ్లని కూర్చోబెట్టడమే మా పని. నా అభిప్రాయం అడిగితే ఇదే న్యాయం, డబ్బో మనానో (కార్డు వేయడానికి ఆటలో కట్టే శక్తి) ఏదో పెట్టి దింపినవాడికి కనీసం ఒక్క వాడకం దక్కాలి కదండీ.

నారాయణగూడ_ట్రాప్‌హోల్:
మ్యాజిక్ న్యాయం యుగియోకి పెడితే కొంప మునుగుతది అన్నా. మీకు మనా ఖర్చు ఉంటది, ప్లేన్స్‌వాకర్ దింపుడంటే ఆ టర్న్ మొత్తం పోయినట్టే చాలాసార్లు. మా దగ్గర స్పెషల్ సమన్‌కి అసొంటి లెక్క లేదు, ఒక్క టర్న్‌ల ఎన్నైనా దింపుతరు. దిగిన ప్రతిదానికి ఫ్రీ వాడకం ఇస్తే అవతలోడు ఫోన్ చూస్కుంట కూసోవాలె. ఇంకోటి, మీ స్టాక్‌ల ఒక్కొక్కటి రిజాల్వ్ అయినప్పుడల్లా మధ్యల ఆగి స్పందించొచ్చు, మా చెయిన్ రిజాల్వ్ అవుడు మొదలైందంటే కింది దాకా ఆగదు. రెండు వేర్వేరు యంత్రాలు, ఒకదాని బోల్టు ఇంకోదానికి పట్టదు (లైట్నింగ్ బోల్ట్ కాదు, మామూలు బోల్టే).

దిల్‌సుఖ్‌నగర్_డెక్:
మధ్యలో దూరుతున్నా. నేను విన్నది వేరే, చెయిన్‌లో చివరి లింక్ (వేసిన కార్డు) ఎవడిదో వాడి ఎదుటోడికి ఫస్ట్ ఛాన్స్ అని. అంటే రీబార్న్ వీడిది కాబట్టి ఛాన్స్ ట్రాప్ వాడిదే, ఎందుకు ఇంత పెద్ద కథ?

నారాయణగూడ_ట్రాప్‌హోల్:
అది చెయిన్ కడుతున్నప్పటి ముచ్చట. ఎవడన్న ఎఫెక్ట్ యాక్టివేట్ చేస్తే జవాబు ఇచ్చే ఛాన్స్ ముందు ఎదుటోడిది, నీ కార్డుకు నువ్వే చెయిన్ వేసుకుందామన్నా వాడు పాస్ అన్నంకనే. రిజాల్వ్ అయిపోయినంక ఆ లెక్క చెల్లది, నీ టర్న్‌ల వాడు మొదలుపెట్టిన చెయిన్ అయినా సరే మళ్ల టర్న్ ప్లేయర్ నుంచే మొదలు. రెండిట్ని కలిపేస్తున్రు అందరు.

స్టాక్_మాస్టర్:
ఇక్కడ కూడా మాకు ఉల్టా అండి, స్పెల్ వేసినవాడికే ప్రయారిటీ తిరిగి వస్తుంది, కావాలంటే దాన్ని పట్టుకుని తన స్పెల్ మీదే ఇంకోటి వేసుకోవచ్చు.

దిల్‌సుఖ్‌నగర్_డెక్:
అయితే ఇంకో డౌట్. రీబార్న్ బదులు కాల్ ఆఫ్ ది హాంటెడ్ (అలాగే లేపే ట్రాప్) లింక్ 2 అయి, కింద లింక్ 1 వేరేది ఉంటే?

నారాయణగూడ_ట్రాప్‌హోల్:
అప్పుడు బాటమ్‌లెస్ పడనే పడదు. పైనుంచి రిజాల్వ్ అయితది కదా, సోల్జర్ వచ్చినంక లింక్ 1 ఏదో చేస్తది, అంటే చివరికి జరిగింది సమన్ కాదు. బాటమ్‌లెస్‌కి, టొరెన్షియల్ ట్రిబ్యూట్‌కి (సమన్ మీద పడే ఇంకో ట్రాప్) సమన్ చివరిది అయి ఉండాలె, లేకపోతే టైమింగ్ మిస్. డ్యూయలిస్ట్ తమ్మీ, నీకు బాటమ్‌లెస్ అంటే అంత భయమైతే ఈ దారి నేర్చుకో, ప్రయారిటీ అని ఒర్లుడు కంటే పనికొస్తది.

కూకట్‌పల్లి_డ్యూయలిస్ట్:
సరే ఆ కౌంటర్ ముచ్చట పక్కకు పెట్టుండ్రి. నా అసలు బాధ వేరే. వాడు సోల్జర్ దిగినప్పుడు సప్పుడు చెయ్యలే. నేను ఏ మాన్‌స్టర్‌ని కొడుతున్ననో చెప్పినంక, అది వాడి మంచి మాన్‌స్టర్ అని తెలిసినంక ఆగు అన్నడు. నేను వేరేదాన్ని కొడితే ట్రాప్ దాచుకునేటోడేమో? అది న్యాయమా?

దిల్‌సుఖ్‌నగర్_డెక్:
ఇందులో పాయింట్ ఉంది. టార్గెట్ విన్నాక ట్రాప్ వేయడం అంటే పేక చూసి పందెం కాయడమే.

నారాయణగూడ_ట్రాప్‌హోల్:
మరి వాడికి ఆగే టైమ్ ఎవడియ్యాలె? సమన్ చేసిన మనిషి 'ఏమన్న ఉన్నదా' అని అడగాలె, ఒక్క సెకను. ఊపిరి పీల్చకుండ సమన్, ఎఫెక్ట్, టార్గెట్ అన్నీ ఒక్క వాక్యంల చెప్పేసి, నువ్వు ఆలస్యం చేసినవ్ అంటే ఎట్ల. మాస్టర్ డ్యూయల్ ఆప్‌ల ఆడి వచ్చినోళ్లందరిది ఇదే కథ, అక్కడ ఆగాల్నా వద్దా అనేది ఆప్ చూసుకుంటది, టేబుల్ మీద ఆ పని నోటితోని చెయ్యాలె. నువ్వు టార్గెట్ పేరు బయటపెట్టింది నీ తొందరతోని, వాడి మోసంతోని కాదు.

స్టాక్_మాస్టర్:
నేను ఒప్పుకోను. అడగడం వీడి బాధ్యతే, సరే, కానీ ట్రాప్ సెట్ చేసుకుని కూర్చున్నవాడు కూడా కళ్లు తెరుచుకుని ఉండాలిగా. సోల్జర్ లాంటి కార్డు దిగితే ఎవడైనా చెయ్యి ఎత్తుతాడు. విన్నాక ఎత్తాడంటే ఫలితం ట్రాప్‌కే ఇచ్చినా మర్యాద మార్కులు మాత్రం నేను ఇవ్వను.

అసలు_ట్రాప్_నాదే:
లింక్ పంపిన్రు, చదివిన మొత్తం. సోల్జర్ దిగంగనే నేను చెయ్యి ఎత్తిన, నోట్ల ఉస్మానియా బిస్కెట్ ఉండె, మాట రాలె. చెయ్యి ఎత్తుడు వాడు చూసిండు, చూసే స్పీడు పెంచిండు.

కూకట్‌పల్లి_డ్యూయలిస్ట్:
చెయ్యి ఎత్తింది చాయ్ కప్పు కోసం రా.

అసలు_ట్రాప్_నాదే:
చాయ్ కప్పు కుడి దిక్కున ఉండె, నేను ఎత్తింది ఎడమ చెయ్యి.

నారాయణగూడ_ట్రాప్‌హోల్:
రూల్ తేలింది, చెయ్యి సంగతి మీరు మీరు చూసుకోండ్రి. ఈసారి సమన్ అయినంక 'ఓకేనా' అనుడు, 'ఓకే' అనేదాక ఆగుడు, బిస్కెట్ తర్వాత తినుడు.