అప్‌డేట్: పనే లోకంగా ఉండే కొలీగ్‌కి మనసులో మాట చెప్పేశాను

మూడు వారాల కిందట అడిగాను కదా, మా టీమ్‌లో ఒకమ్మాయి రాత్రి తొమ్మిదైనా ల్యాప్‌టాప్ ముందు నుంచి లేవదు, సొంత సంగతి ఒక్కటీ చెప్పదు, నాకేమో ఆమె అంటే ఇష్టం, చెప్పాలా వద్దా అని. చాలామంది ఆగమన్నారు. ఆగలేకపోయాను. మెసేజ్ నాలుగుసార్లు టైప్ చేసి చెరిపేసి, చివరికి ప్రాజెక్ట్ అయిపోయిన రోజు సాయంత్రం ఎదురుగానే చెప్పేశా, "మీకు ఇష్టం లేకపోయినా పర్లేదు, రేపు మీటింగ్‌లో మామూలుగానే ఉంటాను" అని కూడా కలిపి.

చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత చెప్పింది, ఇంతకుముందు ఒకరిని నమ్మి బాగా దెబ్బతిన్నానని, పనిలో మునిగిపోతే ఆ ఆలోచనలు రావని అలాగే అలవాటైపోయిందని. "పని నన్ను వదిలేసి వెళ్లిపోదు కదా" అంది. దానికి నా దగ్గర సమాధానం లేదు, ఏదో ఒకటి చెప్పకపోవడమే మంచిదైందేమో.

ఔననలేదు, కాదనీ అనలేదు, టైమ్ కావాలంది. ముందుకెళ్తే హెచ్‌ఆర్‌కి చెప్పాలా అని కూడా తనే అడిగింది (అక్కడా పని బుద్ధే!). నిన్న మాత్రం ఆరున్నరకే ల్యాప్‌టాప్ మూసి "కాసేపు నడుద్దామా?" అంది. అరగంటలో పని మాట రెండుసార్లే వచ్చింది, అందులో ఒకటి టెన్షన్‌లో నేనే తెచ్చాను.