స్పెల్లెమన్‌కి తెలుగేమిటి? ‘పలికించెడివాడా’, ‘పలికించు విభుండా’?

తెల్లకాగితం: నార్వే సంగీత అవార్డు ‘స్పెల్లెమన్‌ప్రీసెన్’ మీద చిన్న వ్యాసం రాస్తున్నా. 1972 నాటి రికార్డులకు 1973లో మొదటిసారి ఇచ్చారు, ఇప్పుడు పాప్ కళాకారులకు అదే పెద్ద బహుమతి. ‘ప్రీస్’ అంటే బహుమతి, గొడవ లేదు. ‘స్పెల్లెమన్’ దగ్గరే ఆగిపోయా. వాద్యకారుడు అంటే ఆకాశవాణి ఉద్యోగంలా ఉంది. పోతన గారి కందంలో ‘పలికించు...’ అని ఏదో వస్తుంది కదా, రెండ్రోజులుగా నాలుక చివరే ఆడుతోంది. ఎవరికైనా గుర్తుందా?

గణయతి: ‘పలికించెడివాడు రామభద్రుండట’. ఇది కూడా అడగాలా!

పాతపుస్తకాలషాపు: మా తాతగారు ‘పలికించు విభుండు’ అనే చదివేవారు.

గణయతి: ‘చెడివా’ అన్నా ‘చువిభుం’ అన్నా సగణమే. తరవాత ‘డురామ’ ఆరో గణంలో జగణంగా చక్కగా కూర్చుంది. యతికీ ఢోకా లేదు. ఛందస్సు తీర్పు చెప్పదండీ. కానీ ‘వాడు’లో చనువుంది, అది పోతన మార్కు.

పాతపుస్తకాలషాపు: ఆనాటి ‘వాడు’ ఈనాటి ‘వాడు’ కాదు కదా, అందులో చనువెక్కడిది? ‘విభుండు’లో అణకువ ఉంది, అదీ పోతన మార్కు.

చలిదేశపు కోడలు: ఆరేళ్లుగా ఓస్లోలో ఉంటున్నా, ఒక్క మాట చెప్తా. ‘మన్’ అంటే మగమనిషి, విభుడేం కాదు. స్పెల్లెమన్ అంటే మొదట ఊళ్లో పెళ్లిళ్లకు ఫిడేలు వాయించేవాడు. ఇక్కడి హార్డంగర్ ఫిడేలుకి పైన నాలుగు తీగలుంటాయి. వాటి మీద కమాను ఆడిస్తే, కింద దాగిన నాలుగైదు తీగలు ఎవరూ ముట్టకుండానే మోగుతాయి. ‘పలికించు’ దానికి బాగా అతుకుతుంది. అన్నట్టు, నార్వేలోనే నూనోర్స్క్ (ఇక్కడి రెండు రాతభాషల్లో ఒకటి) రాసేవాళ్లు ‘స్పేలెమన్’ అంటారు, ఒకటే ‘ల’. అవార్డు పేరులో మాత్రం ద్విత్వం.

ఊరికే చదివేవాణ్ణి: ఫిన్లండ్‌లో ఇదే మాట ‘పెలిమన్ని’. ముందున్న ‘స’ ఎగిరిపోయింది. స్టాక్‌హోమ్‌ని కూడా ‘తుఖోల్మా’ చేశారు. మనం ఇస్కూలు, ఇస్టేషను అని ముందు ఇకారం తగిలించాం, వాళ్లు ఏకంగా సకారం కోసేశారు. ఇంకోటి, డప్పు కొడతాం, సన్నాయి ఊదుతాం, వీణ వాయిస్తాం. అన్నిటికీ ‘పలికించు’ అంటే డప్పువాళ్లు ఊరుకుంటారా?

తెల్లకాగితం: అన్నీ బాగున్నాయి, నా మాట తేలలేదు. పైగా గెలిచిన ఆడవాళ్లని ఏమనాలి?

చలిదేశపు కోడలు: ఇక్కడి గాయని సుసాన్నె సుండ్‌ఫోర్ గుర్తొచ్చింది. 2008లో గాయనుల విభాగంలో బహుమతి అందుకుంటూ, తాను ముందు కళాకారిణినని, ఆడదాన్ననేది లెక్కలోకి రాదన్నట్టు అక్కడే చెప్పేసింది. అయ్యో, ‘కళాకారిణి’ అన్నానేమిటి, ఆవిడ వద్దన్నదే అది!

గణయతి: చూశారా, ‘వాడు’, ‘అది’ లేకుండా తెలుగులో ఒక్క వాక్యం నడవదు.

పాతపుస్తకాలషాపు: అందుకే ‘విభుండు’.

ఊరికే చదివేవాణ్ణి: విభుడు మగవాడు కాడా సార్?

చలిదేశపు కోడలు: ఫిడేలు అంటే ఇంకో కథ. ఇక్కడి జలపాతాల్లో ఫొస్సెగ్రిమ్ అనే భూతం ఉంటుందట, మాంసం తెచ్చిచ్చిన వాళ్లకు విద్య నేర్పుతుంది. తీగల మీద వేళ్లు రక్తం కారేదాకా లాగిస్తుంది. మాంసం సరిపోకపోతే మాత్రం శ్రుతి చెయ్యడం నేర్పి పంపించేస్తుంది, వాయించడం రాదు.

ఊరికే చదివేవాణ్ణి: మన గుంపు సంగతే చెప్పారు. పొద్దున్నుంచీ శ్రుతే చేస్తున్నాం.

తెల్లకాగితం: రేపు వ్యాసం ఇచ్చెయ్యాలి, టెన్షన్‌గా ఉంది. ‘స్పెల్లెమన్’ అనే ఉంచేస్తున్నా.

గణయతి: ఉంచండి, తప్పేం లేదు. షాపు గారూ, ‘విభుండు’ ఏ ముద్రణలో ఉందో మీరింకా చెప్పలేదు.